సైనికసేవ నుండి అణువిద్యుత్కేంద్రానికి

నెల్లూరు సీమకూ విరాటపర్వానికీ విడదీయరాని సంబంధం ఉంది. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి మహారాజు మంత్రిగా నెల్లూరులో నివసించిన తిక్కన సోమయాజి తన భారతరచనను విరాటపర్వంతోనే ఆరంభించాడు. యుద్ధవీరులు తమ ఆయుధాలను జమ్మిచెట్టుపై దాచి, ఒక సంవత్సరం పాటు పరుల కొలువులో పనిచేసిన కథ అది. ధర్మరాజు కంకుభట్టు అయ్యాడు. భీముడు వంటశాలలో వలలుడయ్యాడు. గాండీవధారి అయిన అర్జునుడు బృహన్నలగా నాట్యం నేర్పాడు. నకులుడు గుర్రాలను, సహదేవుడు పశువులను సంరక్షించారు. కొలువులో చేరడానికి ముందు పురోహితుడైన ధౌమ్యుడు వారిని కూర్చోబెట్టి, సేవకుడు ఎలా మెలగాలో వివరించాడు. రాజ్యమేలిన వారికి కూడా కొత్త కొలువులో కొత్త పాఠం అవసరమైంది.

నేటి సైనికునికి ఈ పరిస్థితి ఒక్క సంవత్సరానిది కాదు. అది అతని జీవితపు ఉత్తరార్ధమంతటికీ సంబంధించినది. పద్దెనిమిదేళ్ల వయస్సులో సైన్యంలో చేరినవాడు ముప్పై మూడు, ముప్పై అయిదేళ్లకే యూనిఫాం విడిచి ఇంటికి వస్తాడు. పిల్లలు బడిలో ఉంటారు. తల్లిదండ్రులు వృద్ధులవుతారు. ఉద్యోగ జీవితంలో ఇంకా పాతికేళ్లు మిగిలి ఉంటాయి. అటువంటివారు ఎంచుకొనదగిన పౌరవృత్తులలో అణువిద్యుత్కేంద్రంలో ఆపరేటరు ఉద్యోగం ఒకటి. సైనికుని శిక్షణ ఈ వృత్తికి ఎంతవరకు తోడ్పడుతుంది? ఏ విషయంలో అది చాలదు? ఈ పాఠంలో తెలుసుకొనవలసినది అదే.

తీరగ్రామం నుండి నౌకాదళానికి

నెల్లూరు తీరం సాంకేతిక విద్యకు కొత్తది కాదు. 2022లో జిల్లాల పునర్విభజన జరిగేవరకు ఈ జిల్లాలోనే ఉన్న శ్రీహరికోట నుండి 1971లోనే రాకెట్ల ప్రయోగం మొదలైంది. కృష్ణపట్నం రేవుకు చేరువలో, ముత్తుకూరు మండలం నేలటూరు వద్ద శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ విద్యుత్కేంద్రం ఉంది. అందులోని యూనిట్లు ఒక్కొక్కటి 800 మెగావాట్ల సామర్థ్యం కలవి. బాయిలరు, టర్బైను, కండెన్సరు, జనరేటరు అనే మాటలు ఈ ప్రాంతపు యువకులకు పరిచితమే. నెల్లూరు తీరంలో అణువిద్యుత్కేంద్రం లేదు. అయితే ఇదే కోరమాండల్ తీరంలో, చెన్నై నగరానికి దక్షిణంగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో కల్పాక్కం ఉంది. అక్కడి మద్రాసు అణువిద్యుత్కేంద్రంలో మొదటి యూనిట్ 1984లో, రెండవది 1986లో ఉత్పత్తిని ప్రారంభించాయి. అందుచేత అణువిద్యుత్తు నెల్లూరు వారికి ఒక రాత్రి ప్రయాణమంత దూరంలో ఉన్న విషయం.

ఇంటర్మీడియట్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివి నౌకాదళంలో చేరిన యువకుని మార్గాన్ని పరిశీలిద్దాం. ఒడిషాలోని చిల్కా సరస్సు ఒడ్డున ఉన్న ఐ.ఎన్.ఎస్. చిల్కాలో అతని ప్రాథమిక శిక్షణ జరుగుతుంది. యంత్రవిభాగానికి ఎంపికైతే మహారాష్ట్రలోని లోనావాలా వద్ద ఉన్న ఐ.ఎన్.ఎస్. శివాజీలో ఆవిరి, డీజిల్, గ్యాస్ టర్బైను యంత్రాలను నేర్చుకుంటాడు. విద్యుత్ విభాగమైతే జామ్‌నగర్‌లోని ఐ.ఎన్.ఎస్. వల్సురా అతని విద్యాలయమవుతుంది. జలాంతర్గాములలో పనిచేయగోరేవారికి విశాఖపట్నంలోని ఐ.ఎన్.ఎస్. శాతవాహన శిక్షణనిస్తుంది.

నౌకాదళానికీ అణుశక్తికీ మన దేశంలో ప్రత్యక్ష సంబంధం కూడా ఉంది. 1988లో సోవియట్ యూనియన్ నుండి అద్దెకు తెచ్చుకున్న ఐ.ఎన్.ఎస్. చక్ర 1991 వరకు మన నావికులకు అణుజలాంతర్గామి నిర్వహణను నేర్పింది. స్వదేశంలో నిర్మించిన ఐ.ఎన్.ఎస్. అరిహంత్ 2009 జులై 26న విశాఖపట్నంలో జలప్రవేశం చేసి, 2016లో నౌకాదళంలో చేరింది. దాని రియాక్టరుకు మాతృకగా నేల మీద నిర్మించిన నమూనా కల్పాక్కంలోనే ఉంది. ఐతే ఇటువంటి జలాంతర్గాములలో పనిచేసే అవకాశం కొద్దిమందికే లభిస్తుంది. పౌరరంగంలోని అణుకేంద్రాలకు వచ్చే మాజీ సైనికులలో ఎక్కువమంది రియాక్టరును కాక, సాధారణ యంత్రాలను నడిపిన అనుభవంతో వస్తారు. అది కూడా తక్కువ విలువైనది కాదు.

అణువిద్యుత్కేంద్రం ఎలా పనిచేస్తుంది?

నేలటూరులో బొగ్గు మండి నీటిని ఆవిరిగా మారుస్తుంది. కల్పాక్కంలో ఆ పనిని యురేనియం పరమాణువుల విచ్ఛిత్తి చేస్తుంది. న్యూట్రాన్ ఒకటి యురేనియం కేంద్రకాన్ని తాకగా అది రెండుగా చీలి, వేడిని, మరికొన్ని న్యూట్రాన్లను వెలువరిస్తుంది. అవి మరిన్ని కేంద్రకాలను చీలుస్తాయి. దీనినే శృంఖల చర్య అంటారు. ఈ చర్య కొనసాగాలంటే న్యూట్రాన్ల వేగం తగ్గాలి. మన దేశంలో ఎక్కువగా ఉన్న రియాక్టర్లలో ఆ పనికి భారజలాన్ని వాడతారు. ఇంధనంలో పుట్టిన వేడిని బయటికి తెచ్చేది కూడా అధిక పీడనంలో ప్రవహించే భారజలమే. ఆ వేడితో వేరొక వలయంలోని సాధారణ జలం ఆవిరై టర్బైనును తిప్పుతుంది. అక్కడి నుండి జరిగేదంతా బొగ్గు కేంద్రంలో జరిగేదే.

ఈ పరిశ్రమలో తెలుగునేల పాత్ర గణనీయమైనది. 1971లో ఏర్పడిన హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఈ రియాక్టర్లకు ఇంధనకట్టలను తయారుచేస్తుంది. మణుగూరులోని కర్మాగారం భారజలాన్ని ఉత్పత్తి చేస్తుంది. కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉంది. హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. నియంత్రణ పరికరాలను రూపొందిస్తుంది.

బొగ్గు కేంద్రానికీ అణుకేంద్రానికీ ఉన్న భేదాలలో ఒకటి మిక్కిలి ముఖ్యమైనది. పొయ్యిలో బొగ్గు వేయడం మానితే మంట క్రమంగా ఆరిపోతుంది. రియాక్టరులో శృంఖల చర్యను క్షణాలలో ఆపవచ్చు. కాని వేడి పూర్తిగా ఆగదు. విచ్ఛిత్తిలో పుట్టిన పదార్థాలు క్షయమవుతూ వేడిని ఇస్తూనే ఉంటాయి. ఆగిన తొలి క్షణంలో ఇది పూర్తి ఉష్ణశక్తిలో 6 నుండి 7 శాతం వరకు ఉంటుంది. 220 మెగావాట్ల విద్యుత్తునిచ్చే రియాక్టరు 700 మెగావాట్లకు పైగా వేడిని పుట్టిస్తుంది. అంటే అది ఆగిన క్షణంలో కూడా 40 మెగావాట్లకు మించిన వేడి లోపల మిగిలి ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ అది తగ్గినా, రోజుల తరబడి నీటి ప్రవాహంతో దానిని తొలగిస్తూనే ఉండాలి. ‘ఆపాను, ఇక ఇంటికి వెళ్తాను’ అనే వీలు రియాక్టరు ఆపరేటరుకు లేదు. ఆపడం అతని పనిలో సగం మాత్రమే.

నావికుని వెంట వచ్చే విద్య

ఓడలోని ఇంజనుగదికీ అణుకేంద్రంలోని కంట్రోల్ రూముకూ పోలికలు అనేకం. ఓడలో రాత్రింబవళ్లు వంతులవారీగా కాపలా ఉంటుంది. దానిని ‘వాచ్’ అంటారు. తన వాచ్ ముగిసిన నావికుడు యంత్రాల స్థితిగతులను వివరంగా చెప్పి, లాగ్‌బుక్కులో వ్రాసి, వచ్చినవాడు ‘బాధ్యత స్వీకరించాను’ అన్న తరువాతనే స్థానం విడుస్తాడు. అణుకేంద్రంలో షిఫ్టు మారే పద్ధతి కూడా ఇదే. అక్కడ చెప్పకుండా విడిచిన చిన్న విషయం తరువాతి షిఫ్టులో పెద్ద ప్రమాదంగా పరిణమించవచ్చు.

మాటను తిరిగి చెప్పే అలవాటు రెండవది. ఓడలో ఆదేశం అందుకున్నవాడు దానిని అక్షరాలా తిరిగి చెబుతాడు. ఆదేశించినవాడు అది సరైనదని ధ్రువపరుస్తాడు. ఆ తరువాతనే చేయి కదలాలి. కంట్రోల్ రూములోనూ ‘మూడవ నంబరు పంపు ఆపు’ అన్న మాటకు ‘మూడవ నంబరు పంపు ఆపుతున్నాను’ అనే జవాబు రావాలి. బయటివారికి ఇది పునరుక్తి దోషంగా తోచవచ్చు. కాని మూడవ పంపుకు బదులు రెండవ పంపు ఆగకుండా కాపాడేది ఆ పునరుక్తియే.

ఆపత్కాలంలో చెదరని మనస్సు మూడవది. ఓడలో నిప్పు అంటుకుంటే పారిపోయే చోటు ఉండదు. అందుచేత నావికుడు చీకటిలో, పొగలో, తడుముకుంటూ వాల్వులను గుర్తించడం నేర్చుకుంటాడు. ఇటువంటి నైపుణ్యం అణుకేంద్రంలో ఎంత అవసరమో 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరాలో వెల్లడైంది. టర్బైను రెక్కలు విరిగి, హైడ్రోజన్ వెలువడి, మంటలు చెలరేగాయి. కేబుళ్లు కాలిపోయి కేంద్రమంతటా విద్యుత్ సరఫరా నిలిచిపోయింది. కంట్రోల్ రూములో పొగ నిండి సిబ్బంది బయటికి రావలసి వచ్చింది. రియాక్టరు అప్పటికే ఆగినా, అది తిరిగి చర్యలోకి రాకుండా నిశ్చయపరచడానికి కొందరు టార్చిలైట్ల వెలుగులో పైకి ఎక్కి, చేతులతో వాల్వులు తెరచి బోరాన్ ద్రావణాన్ని లోపలికి పంపారు. డీజిల్‌తో నడిచే అగ్నిమాపక పంపుల ద్వారా నీటిని పంపి వేడిని తొలగించారు. సుమారు 17 గంటల పాటు విద్యుత్తు లేకపోయినా రియాక్టరుకు ముప్పు వాటిల్లలేదు. ఏ వాల్వు ఎక్కడ ఉన్నదో కాళ్లకూ చేతులకూ తెలిసి ఉండటమే ఆనాడు కేంద్రాన్ని కాపాడింది.

మరచిపోవలసిన పాఠం

ఇంతవరకు చూస్తే నావికుడు ఉన్నవాడు ఉన్నట్లుగానే అణుకేంద్రానికి తగినవాడని అనిపిస్తుంది. అమెరికాలో చాలాకాలం ఇలాగే భావించారు. అక్కడ అణువిద్యుత్తు నౌకాదళం ఒడిలోనే పెరిగింది. అడ్మిరల్ హైమన్ రికోవర్ నాయకత్వంలో రూపొందిన నాటిలస్ అనే తొలి అణుజలాంతర్గామి 1954లో నౌకాదళంలో చేరింది. ఆయన పర్యవేక్షణలోనే షిప్పింగ్‌పోర్టులోని విద్యుత్కేంద్రం 1957లో పనిచేయనారంభించింది. ఆ తరువాత నెలకొన్న కేంద్రాలు ఆపరేటర్ల కోసం సహజంగానే నౌకాదళపు అణువిభాగం నుండి వచ్చినవారి వైపు చూశాయి.

1979 మార్చి 28 తెల్లవారుజామున పెన్సిల్వేనియా రాష్ట్రంలోని త్రీ మైల్ ఐలండ్ కేంద్రంలో విధులలో ఉన్న ఆపరేటర్లు అటువంటివారే. సుమారు 900 మెగావాట్ల రెండవ యూనిట్‌లో నీటి పంపులు ఆగిపోయాయి. రియాక్టరు తనంతట తానే క్షణాలలో ఆగింది. పెరిగిన పీడనాన్ని తగ్గించడానికి ఒక వాల్వు తెరచుకుంది. అది వెంటనే మూసుకోవాలి, కాని మూసుకోలేదు. కంట్రోల్ రూములోని దీపం మాత్రం ఆ వాల్వుకు మూసుకొమ్మనే సంకేతం అందినట్లు చూపింది. అందినది సంకేతమే గాని, వాల్వు మూసుకోలేదన్న సంగతి ఆ దీపం చెప్పలేదు. తెరచిన వాల్వు నుండి శీతలజలం ధారగా పోతూనే ఉంది.

ఇక్కడ నౌకాదళ శిక్షణ అడ్డుపడింది. ఇటువంటి రియాక్టర్లలో పీడనాన్ని నిలకడగా ఉంచడానికి ఒక పెద్ద పాత్ర ఉంటుంది. దానిలో సగం నీరు, పైభాగాన ఆవిరి ఉంటాయి. ఆ ఆవిరి దూదిపరుపు వలె ఒడుదొడుకులను భరిస్తుంది. పాత్ర పూర్తిగా నీటితో నిండితే ఆ మెత్తదనం పోయి, చిన్న అదురుకే గొట్టాలు దెబ్బతినే ప్రమాదముంది. కనుక ‘ఈ పాత్రను ఎన్నడూ నిండనీయరాదు’ అన్నది నావికులకు నూరిపోసిన సూత్రం. జలాంతర్గామిలోని రియాక్టరు చిన్నది. ఆగిన తరువాత మిగిలే వేడి కూడా తక్కువ. అక్కడ ఆ సూత్రం సరిపోతుంది.

ఆనాడు పాత్రలోని నీటిమట్టం పెరుగుతున్నట్లు మీటరు చూపింది. నిజానికి వాల్వు పాత్ర పైభాగాన తెరచి ఉన్నందున నీరు అటువైపు ఎగదన్నుకొని వస్తోంది. రియాక్టరు గర్భంలో మాత్రం తగ్గిపోతోంది. ఆపరేటర్లు మీటరును చూచి, తాము నేర్చిన సూత్రాన్ని తలచుకొని, ఆపత్సమయంలో నీటిని నింపడానికి తమంతట తాము పనిచేయసాగిన పంపుల ధారను తగ్గించారు. రెండు గంటలకు పైగా ఆ వాల్వు సంగతి ఎవరికీ స్ఫురించలేదు. ఈలోగా ఇంధనం వేడెక్కి, రియాక్టరు గర్భంలో దాదాపు సగభాగం కరిగిపోయింది. బలమైన కాంక్రీటు భవనం ఉన్నందున బయటి ప్రజలకు పెనుముప్పు తప్పింది. ఆ యూనిట్ మాత్రం మరి ఎన్నడూ పనిచేయలేదు.

ఆ ఆపరేటర్లు సోమరులు కారు, అజ్ఞానులూ కారు. తాము నేర్చిన విద్యను నిష్ఠతో ఆచరించారు. ఆ విద్య వేరొక యంత్రం కోసం పుట్టినదన్న విషయాన్ని వారికి ఎవరూ తగినట్లుగా బోధించలేదు. గణితశాస్త్రజ్ఞుడైన జాన్ కెమెనీ అధ్యక్షతన ఏర్పడిన విచారణ సంఘం వ్యక్తులను నిందించడంతో సరిపెట్టుకోలేదు. శిక్షణలోనూ, వ్రాసి ఉంచిన నియమాలలోనూ, కంట్రోల్ రూము అమరికలోనూ ఉన్న లోపాలను ఎత్తిచూపింది. ఆ తరువాత ప్రపంచమంతటా ఆపరేటర్ల శిక్షణ మారింది. అసలు కంట్రోల్ రూమును పోలిన సిమ్యులేటర్లలో ప్రమాదాలను కల్పించి సాధన చేయించడం తప్పనిసరి అయింది.

ఆజ్ఞ – ప్రశ్న

సైనికుడు మార్చుకోవలసిన రెండవ అలవాటు యంత్రానికి సంబంధించినది కాదు; మనస్సుకు సంబంధించినది. యుద్ధంలో పైఅధికారి ఆజ్ఞను తర్కించే వ్యవధి ఉండదు. జలాంతర్గామి సముద్రగర్భంలో శత్రువుకు చేరువగా ఉన్నప్పుడు యంత్రం ఆగితే అందరి ప్రాణాలకూ ముప్పు కలుగుతుంది. కనుక ఎట్లైనా నడిపించడమే అక్కడి ధర్మం. విద్యుత్కేంద్రంలో ధర్మం దీనికి విరుద్ధం. అనుమానం కలిగిన క్షణంలో రియాక్టరును ఆపడమే ఇక్కడ కర్తవ్యం. ఒక రోజు విద్యుత్తు నష్టపోతే దానిని లెక్కగట్టి పూడ్చుకోవచ్చు. 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్‌లో రియాక్టరు నిర్మాణంలోనే లోపాలు ఉండగా, ఒక పరీక్షను ఎలాగైనా పూర్తిచేయాలన్న పట్టుదలతో రక్షణవ్యవస్థలను పక్కకు నెట్టారు. ఫలితం లోకవిదితమే.

అందుచేత అణుకేంద్రాలలో ‘ప్రశ్నించే స్వభావాన్ని’ ఒక సద్గుణంగా నేర్పుతారు. దీపం ఒకటి చెబుతుంటే మీటరు మరొకటి చెబితే, రెంటిలో నచ్చినదానిని నమ్మి ఊరుకోరాదు. పెద్ద అధికారి పొరపడినట్లు తోస్తే అతి చిన్న ఉద్యోగి కూడా ఆ మాట చెప్పాలి. అడగనిదే రాజుకు సలహా చెప్పరాదని ధౌమ్యుడు పాండవులకు బోధించాడు. రాజుల కొలువులో అది మర్యాద కావచ్చు. రియాక్టరు కొలువులో అడగకపోయినా చెప్పడమే మర్యాద.

మాజీ సైనికునికి ఇది తేలికైన మార్పు కాదు. పదిహేనేళ్ల సేవలో సంపాదించిన హోదా గుమ్మం బయటే నిలిచిపోతుంది. తనకంటే పదేళ్లు చిన్నవాడైన ఇంజనీరు వద్ద పాఠం వినవలసి వస్తుంది. ఇరవై ఏళ్ల యువకుల పక్కన కూర్చుని న్యూట్రాన్ల లెక్కలు చేయవలసి వస్తుంది. గాండీవాన్ని పక్కన పెట్టి మృదంగం ముందు కూర్చున్న అర్జునుని మనఃస్థితి అతనికి బాగా అర్థమవుతుంది.

సముద్రం ముందుకు వచ్చిన నాడు

2004 డిసెంబరు 26 ఆదివారం ఉదయం నెల్లూరు తీరంలోని మత్స్యకార గ్రామాలపై సునామీ విరుచుకుపడింది. అదే ఉదయం కల్పాక్కంలోనూ సముద్రం పొంగింది. ఆనాడు మొదటి యూనిట్ మరమ్మతుల కోసం ఆగి ఉంది. రెండవ యూనిట్ నడుస్తోంది. కేంద్రానికి సముద్రజలాన్ని తోడే పంపుహౌసులోకి నీరు ముంచెత్తి, కండెన్సరును చల్లబరచే పంపులు ఆగిపోయాయి. కారణం పూర్తిగా తెలిసే వ్యవధి లేదు. కంట్రోల్ రూములోని సిబ్బంది జాప్యం చేయకుండా రియాక్టరును ఆపి, మిగిలిన వేడిని తొలగించే పనిని నియమానుసారం కొనసాగించారు. ఉద్యోగుల కుటుంబాలు నివసించే కాలనీలోకి అలలు చొచ్చుకువచ్చి ప్రాణాలను బలిగొన్న రోజది. అయినప్పటికీ షిఫ్టులోని వారు తమ స్థానాలను విడువలేదు. అవసరమైన తనిఖీల అనంతరం 2005 జనవరి ఆరంభంలోనే ఆ యూనిట్ తిరిగి పనిచేయసాగింది.

2011 మార్చి 11న జపాన్‌లోని ఫుకుషిమాలో సునామీ సృష్టించిన విపత్తును తలచుకున్నప్పుడు కల్పాక్కంలో జరిగినదాని విలువ తెలుస్తుంది. రెండు చోట్ల అలల తీవ్రత ఒకటి కాదు. నష్టమూ ఒకటి కాదు. అయినా రెండూ బోధించే సత్యం ఒకటే. సముద్రతీరంలో రియాక్టరును నడిపేవాడు తన యంత్రాన్ని ఎంతగా ఎరిగి ఉండాలో, తన సముద్రాన్ని కూడా అంతగా ఎరిగి ఉండాలి. ఆ సముద్రపు ఒడ్డున పుట్టి, ఆ సముద్రం మీద పనిచేసి వచ్చినవాడికి ఈ మాట ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు.

అర్హతలు – మార్గాలు

మన దేశంలో అణువిద్యుత్కేంద్రాల నిర్వహణకై 1987లో న్యూక్లియర్ పవర్ కార్పొరేషన్ ఏర్పడింది. ఆ సంస్థ ఆపరేటర్లను, టెక్నీషియన్లను ‘స్టైపెండరీ ట్రైనీ’లుగా ఎంపికచేసి శిక్షణనిస్తుంది. ప్లాంట్ ఆపరేటరు శిక్షణకు గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలతో ఇంటర్మీడియట్ ఉత్తీర్ణత ప్రాథమిక అర్హత. సూపర్‌వైజరు స్థాయికి డిప్లొమా లేదా సైన్సు డిగ్రీ అవసరం. ఇంజనీర్ల ఎంపిక వేరుగా జరుగుతుంది. కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలలోని గ్రూప్-సి ఉద్యోగాలలో 14.5 శాతం మాజీ సైనికులకు కేటాయించబడింది. వయోపరిమితిని లెక్కించేటప్పుడు సైన్యంలో గడిపిన కాలాన్ని మినహాయించి, పైన మరి మూడేళ్ల సడలింపు ఇస్తారు. వివరాల కోసం జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని సంప్రదించవచ్చు. ప్రతి ప్రకటనలోని నిబంధనలను ఎప్పటికప్పుడు స్వయంగా చదువుకోవడం మాత్రం తప్పనిసరి.

2022లో అగ్నిపథ్ పథకం వచ్చిన తరువాత ఈ విషయానికి ప్రాధాన్యం మరింత పెరిగింది. ఈ పథకం కింద చేరినవారు నాలుగేళ్లు సేవచేస్తారు. వారిలో 25 శాతం వరకు మాత్రమే సైన్యంలో కొనసాగుతారు. మిగిలినవారు ఇరవై రెండు మొదలు ఇరవై అయిదేళ్ల ప్రాయంలోనే రెండవ వృత్తిని వెదకుకోవాలి. పదిహేనేళ్ల సేవ చేసిన మాజీ సైనికునికి ఉన్న సౌకర్యాలన్నీ వీరికి వర్తిస్తాయని భావించరాదు. కనుక సైన్యంలో చేరే ముందే ఇంటర్మీడియట్‌లో గణిత, భౌతికశాస్త్రాలను శ్రద్ధగా చదవడం, సేవాకాలంలో సాంకేతిక అర్హతను పెంచుకోవడం వారికి శ్రేయస్కరం.

ఎంపికైన వెంటనే ఎవరూ కంట్రోల్ రూములో అడుగుపెట్టరు. తరగతి పాఠాలు, కేంద్రంలోని ప్రతి గొట్టాన్నీ వాల్వునూ స్వయంగా తిరిగి గుర్తించడం, సిమ్యులేటరులో సాధన, వ్రాత పరీక్షలు, మౌఖిక పరీక్షలు వరుసగా ఉంటాయి. కంట్రోల్ రూములో బాధ్యత వహించే పదవులకు 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనల ప్రకారం లైసెన్సు పొందాలి. అది శాశ్వతం కాదు. గడువు తీరినప్పుడు తిరిగి అర్హతను నిరూపించుకోవాలి. రేడియేషన్ విషయంలోనూ కచ్చితమైన హద్దులు ఉన్నాయి. ప్రతి ఉద్యోగీ ధరించే బ్యాడ్జి అతనికి సోకిన మోతాదును నమోదు చేస్తుంది. అయిదేళ్లలో 100 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క సంవత్సరంలోనూ 30 మిల్లీసీవర్టులు మించరాదన్నది మన దేశంలోని నియమం.

ముగింపు

విరాటపర్వం చివర ఉత్తర గోగ్రహణ ఘట్టం వస్తుంది. కౌరవసేనను చూచి భయపడిన ఉత్తరునికి సారథిగా వెళ్లిన బృహన్నల, జమ్మిచెట్టుపై దాచిన గాండీవాన్ని దింపి యుద్ధం చేస్తాడు. సంవత్సరం పాటు దాగి ఉన్న విద్య ఆపద వచ్చిన ఆ ఒక్క రోజున అక్కరకు వచ్చింది. అణుకేంద్రంలో చేరిన మాజీ సైనికుని విషయమూ ఇటువంటిదే. అతని పదవీకాలంలో అత్యధిక భాగం మీటర్లు చూడటంలో, లాగ్‌బుక్కు వ్రాయడంలో ప్రశాంతంగా గడచిపోతుంది. అలా గడచిపోవడమే అతని పనితనానికి నిదర్శనం. ఆపద వచ్చిన రోజున మాత్రం అతని ధైర్యం, క్రమశిక్షణ వేలమందికి రక్షణ కాగలవు.

అయితే అర్జునునికీ అతనికీ ఒక భేదం ఉంది. అర్జునుడు జమ్మిచెట్టు నుండి దింపినది తన పాత ఆయుధాన్నే. రియాక్టరు ముందు నిలిచినవాడు పాత ఆయుధాన్ని తీసే ముందు, అది ఈ యుద్ధానికి పనికివచ్చేదేనా అని ఒక్క క్షణం తనను తాను ప్రశ్నించుకోవాలి. నేర్చుకున్న విద్య గొప్పది. ఆ విద్య ఎక్కడివరకు చెల్లుతుందో ఎరగడం అంతకంటే గొప్పది.

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు సమగ్రంగా సమాధానాలు వ్రాయండి.
1. నావికునికీ అణుకేంద్రపు ఆపరేటరుకూ ఉన్న పోలికలను వివరించండి.
2. త్రీ మైల్ ఐలండ్ ప్రమాదంలో పూర్వశిక్షణ ఎలా ప్రతిబంధకమైందో విశదీకరించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహంగా సమాధానాలు వ్రాయండి.
1. ‘ఆపడం అతని పనిలో సగం మాత్రమే’ అనడంలోని అంతరార్థమేమి?
2. నరోరా కేంద్రంలో సిబ్బంది రియాక్టరును ఎలా కాపాడారు?
3. ధౌమ్యుని బోధకూ కంట్రోల్ రూము మర్యాదకూ గల భేదాన్ని తెలపండి.

III. ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్యంలో సమాధానాలు వ్రాయండి.
1. తిక్కన భారతరచనను ఏ పర్వంతో ఆరంభించాడు?
2. నావికుల ప్రాథమిక శిక్షణ ఎక్కడ జరుగుతుంది?
3. భారజలాన్ని ఉత్పత్తి చేసే కర్మాగారం తెలుగునేలపై ఎక్కడ ఉంది?